నిప్పులేని కుంపటి

అడవి దారంతా మంచు కప్పేసింది, ఒక్కచోట తప్ప. అక్కడ ఇటు మీటరు, అటు మీటరు మేర నేల బయటపడి ఉంది. తడిసి నల్లబడి, సన్నగా ఆవిర్లు కక్కుతోంది. ఆ తడి మధ్యలో రెండు లోహపు డబ్బాలు పడి ఉన్నాయి. చూడటానికి చిన్నవే. ఒక్కోటి ఎనిమిది, పది కిలోల బరువుంటుంది.

2001 డిసెంబరు 2, ఆదివారం, సాయంత్రం ఆరు గంటల వేళ. జార్జియా దేశపు పడమటి కొండల్లో, ఎంగురి నది లోయకు ఎగువనున్న అడవి అది. అక్కడ నిలబడిన ముగ్గురిదీ లియా అనే ఊరు. కట్టెల కోసం ఊరినుంచి 45, 50 కిలోమీటర్లు లారీలో వచ్చారు. చీకటి పడుతోంది, చలి పెరుగుతోంది, లారీ ఇంకా నిండలేదు.

వాళ్ళలో ఒకతను వంగి ఒక డబ్బాను చేత్తో ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే వదిలేశాడు. చెయ్యి చురుక్కుమంది.

దగ్గర్లో మంట లేదు. బూడిద లేదు, బొగ్గు లేదు. ఎవరో విడిది చేసి వెళ్ళిన జాడ కూడా లేదు. అయినా ఆ డబ్బాలు కాలుతున్నాయి. ఆ ముగ్గురి మనసులో అప్పుడేం మెదిలిందో ఊహించడం కష్టం కాదు. మన్యంలో, లంబసింగి వైపు, చలికాలపు తెల్లవారుజామున చలిమంటకు వీపు తిప్పి నిలబడే మనుషుల్ని చూసినవాళ్ళు ఎవరైనా ఊహించగలరు. చలిలో ఉన్నవాడికి వేడి దొరికితే ఇది ఎక్కడిదని అడగడు. దగ్గరికి జరుగుతాడు.

వాళ్ళూ జరిగారు. చెయ్యి కాలినతను గట్టి ఇనుప తీగ ఒకటి తెచ్చి, దాంతో ఒక డబ్బాను పైకెత్తి, గాలి తగలకుండా అడ్డుగా ఉన్న రాతిచరియ కిందికి మోసుకెళ్ళాడు. మిగతా ఇద్దరూ ఈలోగా మంట రాజేశారు. రెండో డబ్బా కూడా అక్కడికే చేరింది. రాత్రి తిరుగు ప్రయాణం కుదరదు, ఇక్కడే పడుకుని తెల్లారి మిగతా కట్టెలు నింపుకుందామని నిర్ణయించుకున్నారు. తెచ్చుకున్నది తిన్నారు. తలా కాస్త వోడ్కా తాగారు.

మూడు గంటలు గడిచాయేమో, ఒకరి తర్వాత ఒకరికి వాంతులు మొదలయ్యాయి. తల తిరుగుడు, తలనొప్పి, మళ్ళీ వాంతులు. తాగింది కొంచెమే. ఆ కాస్తకే ముగ్గురు ఆరోగ్యవంతులైన మగవాళ్ళు రాత్రంతా కక్కుకోవడమేమిటో వాళ్ళకు అంతుపట్టలేదు. కునుకు పట్టలేదు. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. అందుకని ఆ డబ్బాలనే వీపుల దగ్గరికి లాక్కున్నారు. ఇద్దరికి ఆ వేడి జానెడు దూరంలో కూడా లేదు. పది సెంటీమీటర్లు. ఆ పది సెంటీమీటర్ల దూరంలో తెల్లారిందాకా పడుకున్నారు.

పొద్దున లేచేసరికి ఒంట్లో సత్తువ లేదు. అయినా కట్టెలు వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. అనుకున్నదాంట్లో సగం మాత్రం లారీకెత్తి ఊరికి బయల్దేరారు. వాళ్ళ అనారోగ్యం గురించి ఎన్నో పేజీల వైద్య నివేదికలు వచ్చాయి. అవన్నీ ఒక ఎత్తు, నాకు ఆ సగం లారీ కట్టెలు ఒక ఎత్తు. లోపల చావు మొదలైన ఒళ్ళుతో, ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదని మోసిన కట్టెలవి.

* * *

ఆ డబ్బాల్లో ఉన్నది స్ట్రాన్షియం-90. అణు రియాక్టర్లలో యురేనియం చీలినప్పుడు మిగిలే పదార్థాల్లో అదొకటి. మామూలుగా దాన్ని అణు వ్యర్థం అంటాం. కానీ అది తనంతట తాను క్షీణిస్తూ ఏళ్ళ తరబడి వేడి పుట్టిస్తూనే ఉంటుంది. సోవియట్ ఇంజనీర్లు ఆ వేడిని కరెంటుగా మార్చే యంత్రాలు తయారు చేశారు. ఆర్‌టీజీ అని పేరు. డీజిల్ అక్కర్లేదు, కాపలావాడు అక్కర్లేదు. మనిషి చొరబడలేని చోట పెట్టేసి వచ్చేస్తే సంవత్సరాల పాటు పనిచేస్తుంది. ఉత్తర ధ్రువ సముద్ర తీరం పొడవునా ఉన్న దీపస్తంభాలకు ఇవే దిక్కయ్యాయి.

లియా ఎగువ కొండల్లోకి అవి ఒక ఆనకట్ట కోసం వచ్చాయి. ఎంగురి నది మీద జ్వారి దగ్గర 271.5 మీటర్ల ఎత్తున కట్టిన కమాను ఆనకట్ట ప్రపంచంలోని ఎత్తయిన ఆనకట్టల్లో ఒకటి. దానికి ఎగువన ఖుదోని అనే చోట మరో ఆనకట్ట తలపెట్టారు. రెండు పనిస్థలాల మధ్య లోతైన లోయలు, కొండలు. వైర్‌లెస్ సంకేతాలు అందుకుని ముందుకు పంపే కేంద్రాలు కొండలమీద కావాలి. వాటికి కరెంటు కావాలి. అలా 1980ల మొదట్లో ఎనిమిది స్ట్రాన్షియం గుండెలు ఆ అడవికి చేరాయి. ఒక్కో గుండెలో సుమారు 35,000 క్యూరీల రేడియోధార్మికత. చుట్టూ వందల కిలోల బరువున్న కవచం ఉన్నంతసేపూ అది పనిముట్టే. కవచం తీసేస్తే మృత్యువు.

1980ల చివర ఖుదోని పని ఆగిపోయింది. 1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది. ఆ కేంద్రాలు పాడుబడ్డాయి. వాటి లెక్క రాసుకున్న పుస్తకాలు ఒక రాజధానిలో, వాటి కింద పారే నది మరో దేశంలో. కవచాలు ఎవరు విప్పారో ఎవరూ తేల్చలేదు. ఇనుము, సీసం అమ్ముకుంటే నాలుగు డబ్బులొచ్చే రోజులవి. ఆ పని చేసినవాడు ఎవడో, ఎన్నాళ్ళు బతికాడో తెలియదు.

స్ట్రాన్షియం-90 సగానికి సగం తగ్గడానికి దాదాపు 29 ఏళ్ళు పడుతుంది. అంటే ఆ ముగ్గురి కంటబడే నాటికి ఆ డబ్బాల్లో మూడింట రెండొంతుల దాకా సత్తా మిగిలే ఉంది. యజమాని చచ్చినా పనిచేయడం మానని నౌకరు లాంటిదది.

* * *

అదే నదికి దిగువన ఇంకో కథ నడిచింది. అది చెప్పకపోతే లియాది ఒట్టి ప్రమాదంలాగే కనిపిస్తుంది.

ఎంగురి ఆనకట్ట గోడ జార్జియా చేతిలో ఉంది. ఆ నీటితో కరెంటు పుట్టించే పవర్‌హౌస్ సబెరియో దగ్గర, జార్జియా నుంచి విడిపోవాలని చూసిన అబ్ఖాజియా వైపు ఉంది. సోవియట్ రోజుల్లో అదొక సమస్యే కాదు. 1992 ఆగస్టు 14న జార్జియా బలగాలు అబ్ఖాజియాలో అడుగుపెట్టాక అంతా తలకిందులైంది. 1989 జనగణన ప్రకారం ఆ తీరప్రాంతంలో ఐదు లక్షల పైచిలుకు జనం. అందులో జార్జియన్లు 45 శాతం పైమాటే, అబ్ఖాజులు 18 శాతం లోపు. తమ గడ్డమీద తామే అల్పసంఖ్యాకులమై నలిగిపోతున్నామని ఒకరి గోడు. ఇది మా దేశంలో భాగం, మేమూ ఇక్కడే పుట్టామని ఇంకొకరి గోడు. ఏడాది పైన యుద్ధం సాగింది. 1993 సెప్టెంబరు 27న సుఖుమి నగరం అబ్ఖాజుల చేతికి చిక్కింది. రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు, ముఖ్యంగా మెగ్రెలియన్లు, కట్టుబట్టలతో పారిపోయారు. కొందరు మంచుకొండలు దాటుతూ దారిలోనే పోయారు. బతికినవాళ్ళలో చాలామంది జుగ్దిది చుట్టుపక్కల తలదాచుకున్నారు. లియా ఉన్నది ఆ సీమలోనే.

ఇంత జరిగినా ఆనకట్ట మాత్రం ఆగలేదు. గోడ ఒకరిది, టర్బైన్లు మరొకరివి. ఒకరు లేకుండా ఇంకొకరికి దీపం వెలగదు. అందుకని తుపాకులు ఎక్కుపెట్టుకున్న రెండు పక్షాలూ కరెంటు పంచుకుంటూనే వచ్చాయి. కానీ ఆ కరెంటు ఊళ్ళకు సరిగా అందింది లేదు. ఆ దశాబ్దమంతా జార్జియా చీకట్లో, చలిలో గడిపింది. అంత పెద్ద జలవిద్యుత్తు కేంద్రానికి కూతవేటు దూరంలో ఉన్నవాళ్ళు కట్టెల కోసం కొండలెక్కారు.

సుఖుమిలో ఇంకొకటి ఉండేది. రెండో ప్రపంచయుద్ధం ముగియగానే, 1945లో, స్టాలిన్ ప్రభుత్వం జర్మన్ శాస్త్రవేత్తలను తెచ్చి అక్కడి సముద్రతీర శానిటోరియంలలో కూర్చోబెట్టింది. మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెనె, నోబెల్ గ్రహీత గుస్తావ్ హెర్ట్స్ వాళ్ళలో ముఖ్యులు. యురేనియం వేరుచేసే విద్య సోవియట్లకు అబ్బడంలో ఆ ప్రయోగశాలల పాత్ర ఉంది. అక్కడినుంచి పుట్టిన భౌతిక సాంకేతిక సంస్థలో, యుద్ధం వచ్చేనాటికి, అరకిలోకు పైగా బాగా శుద్ధిచేసిన యురేనియం ఉన్నట్టు లెక్క. జార్జియన్ శాస్త్రవేత్తలు నగరం వదిలి పారిపోయారు. తలుపులు ఎవరు కాచారో, ఎన్నాళ్ళు కాచారో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. 1997 డిసెంబరులో రష్యా అణుశాఖ నిపుణులు ఎట్టకేలకు లోపలికి వెళ్ళి చూస్తే ఆ యురేనియం లేదు.

అప్పటినుంచి మొదలైంది మాటల యుద్ధం. వేర్పాటువాదుల చేతిలో అణు పదార్థం దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉందని ఒకవైపు. అది మమ్మల్ని బద్నాం చేయడానికని మరోవైపు. కాకసస్‌లో ఈ పాట కొత్తదేమీ కాదు. దక్షిణాన కరాబాఖ్‌లో ఆర్మేనియా తన మెత్సమోర్ అణుకేంద్రం చెత్తను పాతిపెడుతోందని అజర్‌బైజాన్ ఏళ్ళ తరబడి ఆరోపించింది. ఆర్మేనియా అంతే గట్టిగా కాదంటూ వచ్చింది. ఇలాంటి ఆరోపణను తేల్చడానికి కావలసింది ఉపన్యాసం కాదు, చేతిలో ఒక కొలిచే పరికరం, ఆ నేలమీద నాలుగు రోజులు తిరిగే వీలు. వివాదపడుతున్న నేలమీద దొరకనిది సరిగ్గా ఆ వీలే. పరికరం పట్టుకున్నవాడు రెండు సైన్యాల కాపలా చౌకీలు దాటాలి. ఏ దేశం ముద్ర ఉన్న కాగితంతో వచ్చావనే దగ్గరే అతని ప్రయాణం ఆగిపోతుంది. అందుకే ఆరోపణ ఆరోపణగానే మిగులుతుంది. చెయ్యనివాడు కడిగేసుకోలేడు, చేసినవాడు దొరకడు, ఆ పక్కన కాపురముండే మనిషికి తన బావి నీళ్ళు తాగొచ్చో లేదో తెలియదు.

ఆ మాటలన్నీ గాలిలో ఉన్నాయి. ఈ డబ్బాలు నేలమీద ఉన్నాయి. ఎవరూ ఆరోపించని చోట, ఎవరూ వెతకని అడవిలో, దారి పక్కనే.

వెతకాలని తెలియక కాదు. 1997లోనే హెచ్చరిక వచ్చింది. తిబ్లిసీ దగ్గర లిలో అనే చోట, ఒకప్పటి సోవియట్ శిబిరంలో శిక్షణ పొందుతున్న పదకొండు మంది సరిహద్దు సైనికులకు ఒంటిమీద అంతుచిక్కని పుండ్లు లేచాయి. సోవియట్ సైన్యం పోతూ పోతూ సీజియం-137 గుళికలను అక్కడే వదిలేసింది. వాటిలో ఒకటి సైనికులు వేసుకునే చలికోటు జేబులో దొరికింది. చలికి వేసుకున్న కోటు. అడవిలోని ఎనిమిది స్ట్రాన్షియం గుండెల్లో నాలుగు 1998, 1999ల్లో బయటపడ్డాయి. మిగతా నాలుగు ఎక్కడో ఉన్నాయని తెలుసు. ఈ రంగంలో ఇలాంటి వాటిని ‘అనాథలు’ అంటారు. సరైన మాటే. కాకపోతే అవి చంపగల అనాథలు.

మనకూ అలాంటిది ఒకటుంది. 1965లో చైనా అణుపరీక్షల మీద కన్నేయడానికి అమెరికా, భారత గూఢచార సంస్థలు కలిసి, కెప్టెన్ ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వాన నందాదేవి శిఖరం మీదికి ప్లుటోనియంతో పనిచేసే జనరేటరును మోయించాయి. మంచు తుపాను అడ్డుపడితే దాన్ని దారిలోనే కట్టిపెట్టి దిగివచ్చారు. మరుసటి ఏడాది వెళ్ళేసరికి లేదు. 1978లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఆ సంగతి ఒప్పుకోవలసి వచ్చింది. గంగకు నీళ్ళిచ్చే కొండల్లో అది ఈ రోజుకీ దొరకలేదు. లియా ముగ్గురి గురించి చదువుతున్నంతసేపూ ఆ మంచుకొండ నాకు గుర్తుకొస్తూనే ఉంది.

* * *

డిసెంబరు 3న ఇల్లు చేరినవాళ్ళు ఆ డబ్బాల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతని వాళ్ళకే అనిపించలేదేమో. మర్నాడు వాళ్ళలో ఒకతను ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తాగి వచ్చాడనుకున్నాడు డాక్టరు. ఏవో మందులిచ్చాడు, కాస్త నెమ్మదించింది. ఆ డాక్టర్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాంతులతో వచ్చిన కొండప్రాంతపు మగవాణ్ణి చూసి రేడియేషన్ అని ఏ పల్లె డాక్టరుకు తడుతుంది?

రేడియేషన్ జబ్బుకు ఒక మోసపు గుణముంది. మొదట కుదిపేస్తుంది. తర్వాత ఒకటి రెండు వారాలు వదిలేసినట్టే ఉంటుంది. ఆ విరామంలో మనిషి తేరుకున్నాననుకుంటాడు. లోపల మాత్రం ఎముక మూలుగలో కొత్త రక్తం పుట్టడం ఆగిపోతూ ఉంటుంది. చర్మం కింద కొత్త కణాలు ఇక రావు. ఉన్న పొర అరిగిపోయేదాకా పైకి ఏమీ కనబడదు.

డిసెంబరు మధ్యకు వచ్చేసరికి, డబ్బాకు వీపు ఆనించి పడుకున్న ఇద్దరికీ వీపులు మండటం, దురదపెట్టడం మొదలైంది. ఒకతని గొంతు పోయింది. అయినా ఆసుపత్రి మాట ఎత్తలేదు. అతని వీపుమీద చర్మం పొరలుగా ఊడటం మొదట గమనించింది భార్య. ఆమె ఊరుకోలేదు. రెండో అతని సోదరుడికి చెప్పింది. అతను తనవాడి చొక్కా ఎత్తి చూస్తే అక్కడా అదే గాయం. అప్పుడు ఆ రాత్రి సంగతి బయటికొచ్చింది. ముగ్గురినీ ఒప్పించి ఆసుపత్రికి చేర్చేసరికి డిసెంబరు 22. అడవిలో ఆ రాత్రి గడిచి ఇరవై రోజులు.

అణు నిపుణులకు తెలియకముందే, ఏ పరికరమూ లేకుండా ఈ ప్రమాదాన్ని పట్టుకున్నది ఒక ఇల్లాలి చూపు. ఆమె పేరు ఎక్కడా రాయనక్కర్లేదు. కానీ ఈ కథలో ఆమె చోటు ఆమెకు ఉండాలి.

2002 జనవరి 4న జార్జియా ప్రభుత్వం అంతర్జాతీయ అణుశక్తి సంస్థను సాయమడిగింది. నిపుణులు దిగారు. కానీ కొండల్లో మంచు దారులు మూసేసింది. తొలి ప్రయత్నంలో డబ్బాలను వెనక్కి తేలేకపోయారు. నెల తిరిగాక, ఫిబ్రవరి 2, 3 తేదీల్లో మళ్ళీ వెళ్ళారు. సీసం పొదిగిన బరువైన పీపా ఒకటి లారీమీద ఎక్కించారు. పొడవాటి కాడలున్న పట్టకార్లు చేయించారు. ముందుగా ఊళ్ళోనే, ఉత్తుత్తి డబ్బాలతో సాధన చేశారు. ఎందుకంటే ఒక్కొక్కరికి దక్కే సమయం 40 సెకన్లు. గడియారం చూస్తూ ఒకడు కేక పెట్టగానే పరిగెత్తాలి, తన వంతు పని చేయాలి, అది పూర్తయినా కాకున్నా వెనక్కి పరిగెత్తాలి. తర్వాత ఇంకొకడు. అలా పదుల మంది వంతులవారీగా, మంచులో జారుతూ, ఆ రెండు డబ్బాలను పీపాలోకి చేర్చి మూత వేశారు.

నలభై సెకన్లు. దాని పక్కన ఆ ముగ్గురి రాత్రిని పెట్టి చూస్తే ఇక నాకు మాటలు రావు.

తీగతో డబ్బాలను మోసినతను ఆ ముగ్గురిలో తేలిగ్గా బయటపడ్డాడు. జనవరి 23న ఇంటికి పంపేశారు. వీపు కాలిన ఇద్దరి సంగతి అలా కాదు. తిబ్లిసీ వైద్యుల చేతిలో లేని చికిత్స అది. అంతర్జాతీయ సంస్థ ప్రపంచాన్ని సాయమడిగితే ఫ్రాన్స్, రష్యా ముందుకొచ్చాయి. ప్యారిస్ చెంతనున్న సైనిక ఆసుపత్రికి వెళ్ళినతనికి కుళ్ళిన మాంసం తీసి, చర్మం అతికి, మళ్ళీ తీసి, మళ్ళీ అతికారు. ఏడాది దాటాక, 2003 మార్చిలో, గాయం మానింది. ఇంటికి వెళ్ళాడు.

రష్యాకు పంపిన మూడో అతని గాయం మానలేదు. అతని వీపు ఎడమవైపు, పై భాగం లోతుగా కాలింది. ఆ వీపు వెనకే ఊపిరితిత్తి, గుండె. అతికిన చర్మం నిలవలేదు. మానినట్టే ఉండి మళ్ళీ విచ్చుకునేది. 2004 మే 13న కన్నుమూశాడు. అడవిలో వెచ్చగా ఉందని వీపు ఆనించిన రాత్రికి 893 రోజుల తర్వాత.

* * *

ఆ ఇద్దరూ ఆసుపత్రుల్లో ఉండగానే, 2002 జూన్‌లో, మిగిలిన రెండు అనాథల కోసం పడమటి జార్జియా అడవుల్లో పెద్ద ఎత్తున వేట మొదలైంది. దాదాపు 80 మంది, 550 చదరపు కిలోమీటర్లు. కార్లు పోయినంత మేర కార్లలో, ఆపైన గుర్రాల మీద, గుర్రాలూ ఎక్కలేని చోట కాలినడకన. చేతుల్లో కొలత పరికరాలు. పశువులు కాచేవాళ్ళనూ కట్టెలు కొట్టేవాళ్ళనూ ఆపి అడిగారు. ఆ రెండూ దొరకలేదు.

అవి ఇంకా ఆ కొండల్లోనే ఉంటే, వాటి వేడిలో మూడో వంతు పైన ఇప్పటికీ మిగిలే ఉంటుంది. అంతమాత్రం వేడి చాలు, పైన పడ్డ మంచు కరగడానికి. జార్జియా పల్లెల్లో ఈ రోజుకీ చలికాలపు పొయ్యిలోకి చాలా ఇళ్ళలో కట్టెలే. మంచు పడకముందే తెచ్చుకోవాలని చూస్తారు. కొన్ని ఇళ్ళకు కుదరదు. ఆలస్యంగా, డిసెంబరులో, లారీ తీసుకుని కొండెక్కుతారు.